నగల డిజైన్ పుస్తకానికి ఆవిష్కరణ సభ: ర్యాంప్ వద్దు, బల్లలు వేయండి

మీ ప్రశ్న సారాంశం ఇది. లాడ్‌బజార్ లక్క గాజులు, ఏటికొప్పాక పూసలు, నరసాపురం లేసు, కరీంనగర్ వెండి తీగ పని ఆధారంగా చెవిపోగులు, గాజులు, క్లచ్ బ్యాగులు ఎలా డిజైన్ చేయాలో చెబుతూ పుస్తకం రాశారు. అది ప్రెస్‌లో ఉంది. ఖర్చుకు లక్షన్నర పక్కన పెట్టారు. హైదరాబాద్‌లో స్టార్ హోటల్ హాలు, ర్యాంప్ షో, ముఖ్య అతిథిగా ఒక సినిమా నటి అనుకుంటున్నారు. ఇది సరైన పద్ధతేనా అని అడిగారు.

పుస్తకావిష్కరణలు, చేతిపనుల ప్రదర్శనలు చాలా ఏళ్లుగా దగ్గరుండి జరిపిస్తున్నాను. ఆ అనుభవంతో సూటిగా చెబుతున్నాను, ఆ మూడూ వద్దు. డబ్బు సరిపోదనే కాదు, మీ పుస్తకానికి అవి నప్పవు. ర్యాంప్ మీద చీర కనబడుతుంది, గౌను కనబడుతుంది. జుంకీ కనబడదు. పది అడుగుల దూరం నుంచి వెండి తీగ పని చూసేవాళ్లకు తెల్లటి మెరుపు తప్ప ఇంకేమీ తెలియదు. మీ పుస్తకం మొత్తం ఆ తీగను ఎలా మెలితిప్పారు, చట్రంలో ఎలా నింపారు అన్నదాని మీదే నడుస్తోంది. ఆ వస్తువును జనం అరచేతిలో పెట్టుకుని చూడాలి. సభను దాని చుట్టూనే అల్లండి.

నటి విషయానికి వస్తే, ఆమె వస్తే హాలు నిండుతుంది, నిజమే. ఆమె వెళ్లగానే సగం ఖాళీ అవుతుంది కూడా. మర్నాడు పేపర్లో ఫొటో ఆమెదే ఉంటుంది, మీ పుస్తకం పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆమె గంటన్నర ఆలస్యమైతే నరసాపురం నుంచి రాత్రంతా రైల్లో వచ్చిన లేసు కార్మికురాలు కుర్చీలో కూర్చుని ఎదురుచూడాలి. ఆ పరిస్థితి రానివ్వకండి.

ఇక అసలు పనిలోకి వెళ్లేముందు మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. తర్వాత దిద్దుకోలేనిది ఇదొక్కటే. పుస్తకంలో మీ సొంత డిజైన్లు ఉన్నాయన్నారు. వాటిలో దేన్నయినా రిజిస్టర్ చేయించుకునే ఆలోచన ఉంటే, పుస్తకం బయటికి రాకముందే దరఖాస్తు పెట్టాలి. 2000 నాటి డిజైన్ల చట్టం ప్రకారం, దరఖాస్తు తేదీకి ముందు ఆ డిజైన్ మన దేశంలో గానీ బయట గానీ ప్రచురణ అయి ఉంటే అది కొత్తది కాదు, రిజిస్ట్రేషన్ రాదు. పుస్తకంలో అచ్చు వేయడం ప్రచురణే. ఆహ్వానం మీద ఆ జుంకీ బొమ్మ వేసి వాట్సాప్‌లో పంపడం, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం కూడా అంతే. రిజిస్టర్ అయితే 10 ఏళ్లు, ఆ తర్వాత మరో 5 ఏళ్లు రక్షణ ఉంటుంది. 'పుస్తకానికి కాపీరైట్ ఉందిగా' అని ధీమాగా ఉండకండి. రిజిస్టర్ చేయదగ్గ డిజైన్‌ను చేయించకుండా, మీరు గానీ మీ అనుమతితో ఇంకొకరు గానీ ఆ వస్తువును పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి తయారు చేస్తే దాని మీద కాపీరైట్ పోతుందని కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. పాత సంప్రదాయ నమూనాలు ఎలాగూ ఎవరి సొంతమూ కావు, వాటి గురించి టెన్షన్ అక్కర్లేదు. పూర్తిగా మీ ఊహలోంచి వచ్చినవి నాలుగో ఐదో ఉంటాయి కదా, వాటిని ఏరి ఈ వారమే ఒక న్యాయవాదికి చూపించండి.

తేదీ సంగతి. పుస్తకాలు ఇంటికి వచ్చి, అట్ట పెట్టె విప్పి, నాలుగు ప్రతులు తిరగేసి చూసుకున్న తర్వాతే తేదీ ప్రకటించండి. రంగుల పుస్తకం ప్రెస్‌లో ఎక్కడైనా ఆగుతుంది. ప్రూఫ్‌లో ఎర్ర లక్క కాస్తా నారింజ రంగు కొడుతుంది, మళ్లీ సరిచేయాలి. గట్టి అట్ట బైండింగ్ ఆరడానికి సమయం పడుతుంది, తడి ఆరకుండా తెస్తే అట్టలు వంగుతాయి. ఇంకా ఆలస్యం కాకపోతే బైండింగ్ గురించి కూడా ఒక మాట. నమూనాలు చూస్తూ పని చేసుకునే పుస్తకం బల్ల మీద పూర్తిగా విప్పితే అలాగే నిలబడాలి. వెన్నుకు జిగురు మాత్రమే పూసే పర్ఫెక్ట్ బైండింగ్ అందుకు పనికిరాదు, ఫారాలు, అంటే మడిచిన పుటల కట్టలు, దారంతో కుట్టించండి. సభలో జనం పుస్తకాన్ని విప్పి వస్తువు పక్కన పెట్టి పోల్చి చూస్తారు, ఆ పోల్చడమే పుస్తకాన్ని అమ్మిపెడుతుంది.

ఏ నెల అంటే, నాకు రెండు కాలాలు నచ్చుతాయి. ఒకటి ధనుర్మాసం, అంటే డిసెంబర్ మధ్య నుంచి సంక్రాంతి ముందు వరకు. పెళ్లిళ్లు ఉండవు, హాళ్లు తేలిగ్గా దొరుకుతాయి, ఆరుబయట కూర్చోవచ్చు. సంక్రాంతికి ముందు వారం మాత్రం వదిలేయండి, సగం నగరం ఊళ్లకు బయలుదేరుతుంది. రెండోది శ్రావణం. వరలక్ష్మీ వ్రతాలు, పేరంటాలు, గాజులు, కొత్త నగలు అన్నీ ఆ నెలలోనే. మీ పుస్తకం మీద ఆడవాళ్లకు ఆసక్తి పుట్టడానికి అంతకంటే మంచి నెల లేదు. కాకపోతే వాన, పైకప్పు ఉన్న చోటు చూసుకోవాలి. రంజాన్ నెలలో పెట్టకండి. లాడ్‌బజార్ గాజుల పనివాళ్లకు ఊపిరి సలపని రోజులు అవి.

వేళ ఆదివారం ఉదయం. సాయంత్రం సభలంటే మనకు అలవాటు గానీ, నగలకు పగటి వెలుతురు కావాలి. ఫంక్షన్ హాలు పసుపు దీపాల కింద నీలం పూస నల్లగా కనిపిస్తుంది, తెల్ల లేసు పాతబడినట్టు ఉంటుంది. కొన్ని దీపాలు ఎలాగూ పెట్టాల్సి వస్తుంది కాబట్టి, అద్దెకు ఇచ్చేవాళ్లను సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే కొలత) 90 పైన ఉన్న ఎల్ఈడీలు అడగండి. వాటి కింద రంగులు ఉన్నవి ఉన్నట్టు కనబడతాయి.

చోటు గురించి చెబుతాను. సుందరయ్య విజ్ఞాన కేంద్రం సాహిత్య సభలకు చాలా మంచి చోటు, కానీ అక్కడి ఆడిటోరియంలో కుర్చీలు వరసగా బిగించి ఉంటాయి, బల్లల మధ్య తిరగడం కుదరదు. రవీంద్రభారతి మీకు మరీ పెద్దది. బంజారాహిల్స్‌లోని లామకాన్ లాంటి చోటు మీ సభకు సరిపోతుంది. 2010 నుంచి నడుస్తోంది, వాకిలి ఉంది, చెట్టు నీడ ఉంది, అక్కడికి వచ్చేవాళ్లకు పుస్తకాలూ కళలూ కొత్త కాదు. మాదాపూర్ శిల్పారామం ఇంకో దారి. అక్కడికి చేతిపనులు చూడ్డానికే జనం వస్తారు, ఫ్యాషన్ డిజైన్ నేర్పే నిఫ్ట్ విద్యార్థులకూ దగ్గర. ఏ చోటైనా సరే, ఖాయం చేసేముందు ఉదయం పదకొండు గంటలకు స్వయంగా వెళ్లి నిలబడి ఎండ ఎటు పడుతోందో చూడండి. లక్క ఎండకు మెత్తబడుతుంది. లక్క గాజుల బల్ల నీడలోనే ఉండాలి.

బల్లలు నాలుగు, ఒక్కో పనికి ఒకటి. ఇక్కడ కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టండి, సభ నిలబడేది వీటి మీదే. మెరిసే శాటిన్ గుడ్డలు కప్పకండి, గోధుమ రంగు లేదా ముదురు బూడిద రంగు నూలు గుడ్డ చాలు. ప్రతి బల్ల మీదా నిలబెట్టే అద్దం ఒకటి ఉండాలి. అద్దం లేని నగల బల్ల దగ్గర ఎవరూ నిలబడరు. పూర్తయిన వస్తువుతో పాటు దాని దశలు వరసగా పెట్టండి. ఏటికొప్పాక బల్ల మీద ముందు అంకుడు కర్ర ముక్క, తర్వాత చిత్రిక పట్టిన పూస, తర్వాత లక్క పట్టించిన పూస, చివరికి మీరు డిజైన్ చేసిన హారం. అక్కడి లేత్‌ను హైదరాబాద్‌కు మోసుకురావడం కష్టం. కర్ర తిరుగుతుంటే రాపిడి వేడికి రంగు లక్క కరిగి అంటుకునే ఆ క్షణాన్ని రెండు నిమిషాల వీడియో తీయించి, బల్ల పక్కన టాబ్లెట్‌లో ఆపకుండా నడపండి. వెండి తీగ పనికి భూతద్దం పెట్టండి, ఖరీదైనవి గాజు పెట్టెలో ఉంచండి. లక్క గాజుల పనికి బొగ్గుల కుంపటి కావాలి, కాబట్టి ఆ బల్ల ఆరుబయటే. పక్కన ఇసుక బకెట్, నీళ్ల బకెట్, పిల్లలు దగ్గరికి రాకుండా తాడు. హాలు వాళ్లను కుంపటి గురించి ముందే అడిగి ఒప్పించండి, అదే రోజు ఉదయం అడిగితే కాదంటారు. లేసుకు వీటిలో ఏదీ అక్కర్లేదు. ఒక కుర్చీ, మంచి వెలుతురు ఉంటే లేసు అల్లే ఆమె చేతిలో సూదీ దారం ఆడుతుంటాయి, చుట్టూ జనం చేరతారు.

ప్రతి వస్తువు పక్కనా చిన్న చీటీ. అందులో పని పేరు, ఊరు, చేసినవారి పేరు, వాడిన సరుకు, పుస్తకంలో పుట సంఖ్య. ఈ చివరిది మరిచిపోవద్దు. '64వ పుట' అని చీటీ మీద చూసిన మనిషి పుస్తకం తీసి 64వ పుట విప్పుతాడు. పేర్ల విషయంలో జాగ్రత్త. కరీంనగర్ వెండి తీగ పనికి 2007లోనే, హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకు, నరసాపురం లేసుకు కూడా ఉంది. ఆ ఊరి నుంచి రాని వస్తువు మీద ఆ ఊరి పేరు రాయకూడదు.

ర్యాంప్ బదులు ఏం చేయాలంటే, మీ స్నేహితురాళ్లు, పిన్నులు, కాలేజీ అమ్మాయిలు కలిసి ఒక ఎనిమిది మందికి మీ నగలు పెట్టి సభలోనే తిరగమనండి. వయసులు వేరువేరుగా ఉండాలి. చీర లేదా కుర్తా సాదాగా, ఒకే రంగులో ఉండాలి, అప్పుడే నగ కనబడుతుంది. వాళ్ల భుజానికీ పుట సంఖ్య చీటీ గుచ్చండి. అరవై ఏళ్ల ఆవిడ చెవికి ఆ జుంకీ ఎంత బాగుందో చూసిన నలభై ఏళ్ల ఆవిడ పుస్తకం కొంటుంది.

చెవిపోగులు మాత్రం పెట్టుకుని చూడనివ్వకండి, శుభ్రత సమస్య. చెవి పక్కన పట్టుకుని అద్దంలో చూడమనండి. గాజులు, హారాలు వేసుకోవచ్చు. వస్తువులన్నీ గళ్లున్న ట్రేల్లో పెడితే ఒకటి తగ్గినా వెంటనే తెలుస్తుంది. బల్లకొక మనిషిని పెట్టండి. ఎవరినీ అనుమానించడం కాదు, వస్తువు పని చేసినవారిది, లెక్క మన బాధ్యత.

ఇప్పుడు పని చేసేవాళ్ల గురించి. వాళ్లను పిలిచి శాలువా కప్పి పంపేస్తే అన్యాయం. వాళ్లకు అది పని దినం. పోయిన రోజుల కూలి, ప్రదర్శన ఇచ్చినందుకు రుసుము, రానుపోను టికెట్లు, బస, భోజనం అన్నీ మీవే. ఆడవాళ్లు ఒంటరిగా ప్రయాణం చేయరు చాలామంది. ఇద్దరికి టికెట్లు తీయండి, ఇద్దరికీ గది చూడండి. డబ్బు సభ ముగిసిన రోజే, వాళ్లు బయలుదేరకముందే చేతికి ఇవ్వండి. 'మీకు ప్రచారం వస్తుంది కదా' అనే మాట ఎప్పుడూ అనకండి. వాళ్లు తెచ్చుకున్న వస్తువులు అమ్ముకోనివ్వండి, ఆ డబ్బు నేరుగా వాళ్ల క్యూఆర్ కోడ్‌కే వెళ్లాలి, మీ ఖాతా మీదుగా కాదు.

వేదిక కార్యక్రమం ముప్పావు గంట దాటనివ్వద్దు. మన సభల్లో అధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథులు, వక్తలు అని పన్నెండు మంది కూర్చుంటారు, ఆహ్వానపత్రం పేర్లతోనే నిండిపోతుంది. మీకు ముగ్గురు చాలు. పుస్తకం చదివి వచ్చే ఒక డిజైన్ అధ్యాపకులు, పని చేసేవాళ్లలో ఒకరు, మీరు. ఒక్కొక్కరికి పది నిమిషాలు. ఆవిష్కరణ చేసేది పెద్దవారెవరైనా సరే, తొలి ప్రతి అందుకునేది మాత్రం మీ పుస్తకానికి పని నేర్పిన చేతులే కావాలి. వాళ్లకు మైకు ముందు మాట్లాడటం కొత్త అయితే ఉపన్యాసం అడగకండి, మీరే పక్కన కూర్చుని నాలుగు ప్రశ్నలు అడగండి. 'ఈ తీగ తెగిపోతే ఏం చేస్తారు' అని అడిగి చూడండి, ఎంత బాగా చెబుతారో. బొకేలు మానేయండి, ఆ డబ్బు ఇంకో టికెట్‌కు వస్తుంది.

వరస ఇలా పెట్టుకోండి. పది నుంచి పదకొండు వరకు బల్లలు చూడటం. ఆలస్యంగా వచ్చేవాళ్లు ఈలోగా వచ్చేస్తారు. పదకొండుకు వేదిక. పావు తక్కువ పన్నెండుకు అయిపోవాలి. తర్వాత ఒంటిగంట దాకా మళ్లీ బల్లలు, సంతకాలు, ఒక మూల చేత్తో చేసుకునే పని. ఆ మూలలో ఇరవై నిమిషాల్లో పూర్తయ్యేది ఒక్కటే పెట్టండి. ఏటికొప్పాక పూసలు రెండు, కొక్కెం, తీగ ఇచ్చి పుస్తకంలోని తేలికైన జుంకీ ఒకటి చేయించండి. చేసినది వాళ్లే తీసుకెళ్తారు. మరీ చిన్నపిల్లలను కూర్చోబెట్టకండి, పూసలు నోట్లో పెట్టుకుంటారు.

తిండి చివర్లోనే, బల్లలకు దూరంగా. నూనె వేలిముద్ర ఆర్ట్ పేపర్ మీద పడితే పోదు, తెల్ల లేసు మీద అసలే పోదు. చట్నీలు, గ్రేవీలు వద్దు. సమోసా, ఉస్మానియా బిస్కెట్, ఏదైనా ఒక స్వీటు, చాయ్ చాలు. ఆత్రేయపురం పూతరేకులు పెట్టాలని ఉందన్నారు. నాకూ చాలా ఇష్టం, కానీ ఆ పంచదార పొడి అన్నిటి మీదా రాలుతుంది. విడివిడిగా పొట్లాలు కట్టించి వెళ్లేటప్పుడు చేతికివ్వండి. చేతులు కడుక్కునే చోటు, తుడుచుకునే కాగితాలు ఎక్కడున్నాయో పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

పుస్తకాల బల్ల నాలుగో బల్ల తర్వాత, తిండికి వెళ్లే దారిలో ఉండాలి. 'చూసేందుకు' అని రాసిన ప్రతులు ఐదారు విడిగా పెట్టండి, అవి నలుగుతాయి, అమ్మకండి. తొంభై మంది వస్తే కుటుంబానికి ఒక ప్రతి లెక్కన యాభై అరవై బల్ల దగ్గర ఉంచండి, మిగతావి కారులో. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు, కాబట్టి బిల్లు తేలిక, కానీ మీ నగలు కూడా అమ్మితే వాటి లెక్క వేరు, రెండూ కలపకండి. సెల్‌ఫోన్ సిగ్నల్ సరిగ్గా ఉందో లేదో ముందే చూసుకోండి, క్యూఆర్ పనిచేయక కొనేవాళ్లు వెనక్కి వెళ్లిపోవడం నేను చాలా చోట్ల చూశాను. చిల్లర నోట్లూ ఉండాలి. సంతకాల బల్ల దగ్గర ఒకరు నిలబడి కొన్నవాళ్ల పేరు చీటీ మీద రాసి మీకు అందిస్తే వరస త్వరగా కదులుతుంది. ఉచిత ప్రతులు ఎవరికి ఇవ్వాలో ముందే జాబితా రాసుకోండి. బంధువులు అడుగుతారు. ఆ రోజు మొహమాటపడితే పాతిక ప్రతులు పోతాయి.

లక్షన్నర ఎలా సర్దాలో నా లెక్క చెబుతాను. పని చేసేవాళ్ల రుసుము, ప్రయాణం, బస కలిపి 45 వేలు. చోటు, బల్లలు, కుర్చీలు, మైకు 30 వేలు. ఫొటోలు, వీడియో 20 వేలు. మనిషికి 200 లెక్కన తొంభై మందికి తిండి 18 వేలు. దీపాలు, అద్దాలు, ట్రేలు 12 వేలు. ఆహ్వానాలు, చీటీలు, పూసల పొట్లాలు 10 వేలు. మిగిలిన 15 వేలు ముట్టుకోకండి, ఏదో ఒకటి వస్తుంది. చోటు ఇంకా తక్కువకు దొరికితే ఆ మిగులు ఫొటోలకు కాదు, మొదటి పద్దుకే కలపండి.

ఫొటోగ్రాఫర్‌కు దగ్గరి నుంచి తీసే మాక్రో లెన్స్ ఉండాలి. పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు వేదిక మీది వరసను బాగా తీస్తారు, మీకు కావలసింది చేతులు, వేళ్లు, పట్టకారు కొసన రాయి. ఎవరి ముఖమైనా వాడేముందు అడగండి. పని చేసినవాళ్ల ఫొటోలు కాగితం మీద అచ్చు తీయించి వాళ్ల ఊళ్లకు పంపండి.

సభ అయ్యాక ఒక చట్టపరమైన పని ఉంది, మొదటిసారి ప్రచురించేవాళ్లకు చాలామందికి తెలియదు. 1954 నాటి పుస్తకాల అందజేత చట్టం ప్రకారం, ప్రచురణ అయిన 30 రోజుల్లోగా కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చట్టం చెప్పిన మరో మూడు గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి ప్రచురణకర్త ఖర్చుతో పంపాలి. చెన్నై కన్నెమరా వాటిలో ఒకటి. మీరే ప్రచురించుకుంటున్నారు కాబట్టి ఆ బాధ్యత మీదే. నాలుగు ప్రతులు ఇప్పుడే పక్కన పెట్టి పేర్లు రాసి ఉంచండి.

చివరగా, విజయవాడలో రెండో సభ పెట్టాలా అని అడిగారు. విజయవాడ కంటే ముందు నరసాపురంలో పెట్టండి. పెద్ద సభ అక్కర్లేదు. ఒక మధ్యాహ్నం లేసు పని చేసేవాళ్లు కూర్చునే చోటే చాపలు వేసి, పది ప్రతులు పెట్టి, వాళ్ల పని ఉన్న పుటలు వాళ్లకు చూపించండి. ఏ అల్లిక తప్పుగా వేశారో, ఏ పేరు తేడాగా రాశారో వాళ్లు చెబుతారు, రెండో ముద్రణకు రాసుకోండి. విజయవాడకైతే జనవరిలో పుస్తక మహోత్సవం జరిగే రోజులే బాగుంటాయి. అక్కడ చదివేవాళ్లు ముందే పోగై ఉంటారు, మీకు ఒక బల్ల, ఒక అద్దం, సూదీ దారంతో లేసు అల్లే ఆమె ఉంటే చాలు.